నలుగురినీ పిలిచేటప్పుడు: సీసాల కంటే ముందు చూసుకోవాల్సినవి

ఇంట్లో ఏదో వేడుక. పుట్టినరోజో, ప్రమోషనో, చాలా ఏళ్ళకు ఒకచోట చేరుతున్న స్నేహితులో. ఏర్పాట్లు మొదలుపెట్టగానే మనసు నేరుగా సీసాల మీదికి పోతుంది. ఏ బ్రాండు తేవాలి, ఎన్ని తేవాలి, పోయిన నెల వాళ్ళింట్లో పెట్టినదానికంటే తక్కువగా కనిపిస్తుందేమో. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారన్న ఆలోచన మాత్రం జనం వచ్చి తలుపు తట్టేదాకా రాదు.

నేనూ అలాగే చేశాను. ఒకసారి పన్నెండు మందిని పిలిచి, నా స్థోమతకు మించిన మందు తెచ్చి, సాయంత్రమంతా కలుపుతూ, పోస్తూ, ఐసు వేస్తూ, గ్లాసులు కడుగుతూ గడిపాను. మధ్యలో ఓసారి తలెత్తి చూస్తే, ఆఫీసులో నాతో పనిచేసే ఒకాయన కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడి ఉన్నాడు. చేతిలో గ్లాసు, గ్లాసు చుట్టూ పేపర్ నాప్‌కిన్. ఆ నాప్‌కిన్‌ను బొటనవేలితో కొంచెం కొంచెంగా చింపి, ముక్కల్ని ఉండలు చేసి, కిటికీ అంచు మీద వరసగా పెడుతున్నాడు. అప్పటికే ఏడో ఎనిమిదో ఉండలున్నాయి. గ్లాసులో ఉన్నది ఆ రాత్రి అన్నిటికంటే ఖరీదైన విస్కీ. ఐసు కరిగి నీరైపోయింది గానీ ఒక్క గుక్క తగ్గినట్టు లేదు. కాసేపటికి "పొద్దున్నే లేవాలి" అని వెళ్ళిపోయాడు. ఆ ఉండల్ని మర్నాడు నేనే ఏరాను.

అప్పట్నుంచి ఏర్పాట్ల వరస మార్చాను. ఇక్కడ చెప్పేది ఆ వరసే.

ముందు సీసాల సంగతి తేల్చేయండి

డబ్బు తీసేముందు రెండు సంగతులు తెలుసుకోండి. 2008లో కాల్‌టెక్, స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 20 మందికి వైన్ రుచి చూపించారు. ఐదు రకాలన్నారు, నిజానికి ఉన్నవి మూడే. ఒకే వైన్‌ను ఓసారి 5 డాలర్లదని, ఇంకోసారి 45 డాలర్లదని ఇచ్చారు. 90 డాలర్ల వైన్‌ను 10 డాలర్లదని కూడా ఇచ్చారు. ధర ఎక్కువని చెబితే అదే వైన్ ఎక్కువ బాగుందన్నారు. ఏదో మర్యాదకు అన్నారనుకోవడానికీ లేదు, రుచిలోని హాయిని పసిగట్టే మెదడు భాగం స్కానింగులో నిజంగానే ఎక్కువ చురుగ్గా కనిపించింది. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనంలో, ధర తెలియకుండా చేసిన 6,000కు పైగా రుచి పరీక్షల్ని లెక్కగట్టారు. వైన్‌లో శిక్షణ లేని మామూలు జనం ఖరీదైనదానికి కాస్త తక్కువ మార్కులే వేశారు.

కాబట్టి ఆ డబ్బులో చాలా భాగం లేబుల్‌కే పోతుంది. లేబుల్ మొదటి ఐదు నిమిషాలు పనిచేస్తుంది. "ఓహో, ఇదే తెచ్చావా" అంటారు, సీసా చేతులు మారుతుంది, ఒకరు వెనక్కి తిప్పి చదువుతారు, అక్కడితో సరి. ఇంకా మూడు గంటల పార్టీ మిగిలే ఉంటుంది.

మందు పనే చేయదని నేననను, అంటే అబద్ధమవుతుంది. 2012లో వచ్చిన ఒక ప్రయోగంలో 720 మందిని, ఒకరికొకరు బొత్తిగా తెలియనివాళ్ళని, ముగ్గురేసి చొప్పున కూర్చోబెట్టారు. మందు తాగిన గుంపుల్లో నవ్వు ముగ్గురి ముఖాల్లోకీ ఒకేసారి పాకడం, ముగ్గురూ వరసగా మాట అందుకోవడం ఎక్కువగా కనిపించింది. అయితే వాళ్ళకిచ్చింది వోడ్కాలో క్రాన్‌బెర్రీ జ్యూస్ కలిపిన మామూలు డ్రింకు. ముగ్గురికి ముగ్గుర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టే పని పరిశోధకులు చేశారు. మీ ఇంట్లో అది ఎవరూ చేయరు, మీరే చేయాలి.

అందుకని మందు ఒకటి రెండు రకాలు, మీరు మామూలుగా తాగే స్థాయిది. మందు లేనివి రెండు రకాలు. నీళ్ళు, ఐసు. ఐదు నిమిషాల్లో లిస్టు రాసేసి పక్కన పెట్టండి.

మనుషుల లిస్టుకు గంట కేటాయించండి

పార్టీ బాగుపడేదీ చెడేదీ ఇక్కడే, అందుకే ఎక్కువ చెబుతున్నాను.

ఒక తెల్లకాగితం మీద పిలవబోయేవాళ్ళ పేర్లు గుండ్రంగా రాయండి. ఒకరికొకరు తెలిసినవాళ్ళ మధ్య గీత గీయండి. ముఖపరిచయమైతే చుక్కల గీత, కలిస్తే గంటసేపు మాట్లాడుకునేంత చనువైతే గట్టి గీత, ఇద్దరికీ పడకపోతే కొట్టివేత గుర్తు. మీ పేరు మాత్రం రాయొద్దు. మీకు అందరూ తెలుసు కాబట్టి మీ నుంచి అన్ని వైపులకూ గీతలు పోయి, అందరూ అందరికీ తెలిసినట్టే కనిపిస్తుంది. మనం మోసపోయేది అక్కడే.

గీయడం అయ్యాక చూడండి. ఒక్క గీత కూడా తగలని పేరుందా? కిటికీ దగ్గర నాప్‌కిన్ చింపబోయేది ఆ మనిషే. ఆయనకు తెలిసినవాళ్ళనొకర్ని కలిపి పిలవాలి, లేదా ఇంకోరోజు విడిగా పిలవాలి. పోనీ, గట్టి గీతలతో ముడిపడిన ఐదారుగురి గుంపు ఉందా? వాళ్ళు పాత కబుర్లలో పడితే మిగతావాళ్ళు సినిమా సగంలో వచ్చి కూర్చున్నట్టు బిక్కమొహం వేస్తారు. ఆ గుంపులోంచి ఇద్దర్నే పిలవండి, లేదంటే ఆ రోజును పూర్తిగా ఆ గుంపుకే ఇచ్చేయండి. ఐదారుగురు పాతవాళ్ళు, ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్ళు అన్న కలయిక నాకు తెలిసి ఎప్పుడూ కుదరలేదు.

ఇక ఎంతమంది అన్నది. మన మాటల్లో 'నలుగురు' అంటే లోకమంతా. నలుగురితో కలవాలంటాం, నలుగురిలో పరువంటాం, నలుగురూ ఏమనుకుంటారంటాం. ఆ అంకె ఎవరు ఎంచారో గానీ భలే ఎంచారు. మానవ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్, ఆయన సహచరులు జనం మామూలుగా గుమిగూడే చోట్ల మాటల గుంపుల్ని గమనించి 1995లో రాసిందేమంటే, ఒక సంభాషణ సుమారు నలుగురి దగ్గర ఆగుతుందని. ఐదో మనిషి చేరితే కాసేపట్లో అది రెండుగా చీలుతుంది. కలిసి నవ్వుకునే గుంపు అంతకంటే చిన్నది, ముగ్గురికి అటూఇటూ. దీన్నిబట్టి ఎనిమిది మందిని పిలిస్తే మీ గదిలో రెండు కబుర్లు, పన్నెండు మందిని పిలిస్తే మూడు కబుర్లు నడుస్తాయి. ఆ మూడింటిలో ఎవరెవరుంటారో పిలవకముందే కాగితం మీద రాసుకోవచ్చు. రాయలేకపోతున్నారంటే జనం ఎక్కువయ్యారన్నమాట.

ఇంకో చిన్న లెక్క. ఆరుగురి మధ్య 15 జంటలు కుదురుతాయి, పన్నెండు మంది మధ్య 66. మనుషులు రెట్టింపైతే మీరు కలపాల్సిన పరిచయాలు నాలుగు రెట్లు దాటుతాయి. విందుకు ముగ్గురికి తగ్గకూడదు, తొమ్మిదికి మించకూడదని రోమన్ పండితుడు వారో రెండువేల ఏళ్ళ కిందటే అన్నాడు. నాకు ఇప్పటికీ ఆ లెక్కే సరిపోతోంది. తొమ్మిది దాటితే రెండు రోజులుగా విడగొట్టుకుంటాను. పార్టీ రెండుసార్లు చేయడం శ్రమే, కానీ పన్నెండు మందికి ఒకేసారి న్యాయం చేయబోయి ఎవరికీ చేయకపోవడం కంటే నయం.

సరదాగా జోకులు వేసేవాడు ఒక్కడుంటే చాలు, గది నడిచిపోతుందని చాలామంది నమ్మకం. నాకంత నమ్మకం లేదు. రాబర్ట్ ప్రొవైన్ అనే ఆయన జనం మధ్య తిరుగుతూ 1,200 నవ్వుల్ని నమోదు చేశాడు. వాటిలో జోకులాంటి మాట తర్వాత వచ్చినవి నూటికి పది నుంచి ఇరవైకి మించలేదు. మిగతావన్నీ "సరే మరి వస్తా", "అబ్బో నీకే తెలియాలి" లాంటి సాదా మాటలకు వచ్చినవే. ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో మనం ముప్ఫై రెట్లు ఎక్కువ నవ్వుతామని కూడా ఆయనే లెక్కగట్టాడు. జోకులవాడు ఉంటే ఉండనివ్వండి. మీరు వెతికి మరీ పిలవాల్సింది అడిగే మనిషిని. "అప్పుడేమైంది?", "మరి వాళ్ళేమన్నారు?" అని ఎదుటివాళ్ళ మాట చివర పట్టుకుని ఇంకో ప్రశ్న వేసేవాళ్ళు ప్రతి స్నేహబృందంలోనూ ఒకరో ఇద్దరో ఉంటారు. గట్టిగా మాట్లాడరు కాబట్టి లిస్టు రాసేటప్పుడు గుర్తురారు. ఎదుటివాళ్ళు చెప్పినదాన్ని పట్టుకుని తిరిగి ప్రశ్న అడిగేవాళ్ళను జనం ఎక్కువ ఇష్టపడతారని 2017లో హార్వర్డ్ పరిశోధకులు చూపించారు. ఒక్కో గుంపుకు అలాంటి మనిషి ఒకరుంటే మీ పని సగం అయిపోయినట్టే.

కొట్టివేత గుర్తులున్న జంటల మాటేమిటి? "ఒకర్ని పిలిచి ఇంకొకర్ని వదిలేస్తే బాగోదు" అని ఇద్దర్నీ పిలుస్తాం. ఇక్కడ యేల్ విశ్వవిద్యాలయం నుంచి 2014లో వచ్చిన ఒక ప్రయోగం గుర్తుంచుకోండి. పక్కన ఇంకొకరు అదే చాక్లెట్ అదే సమయంలో తింటుంటే, ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోకపోయినా, చాక్లెట్ ఎక్కువ రుచిగా అనిపించింది. ఇంతవరకూ అందరూ చెప్పుకునేదే. రెండో సగం ఎవరూ చెప్పరు: బాగా చేదుగా ఉన్న చాక్లెట్ ఇచ్చినప్పుడు, తోడుంటే ఇంకా చేదనిపించింది. తోడు తీపినీ పెంచుతుంది, చేదునూ పెంచుతుంది. పడని ఇద్దర్ని ఒక గదిలో పెడితే ఆ బిగుసుకుపోవడం మిగతా ఏడుగురికీ పాకుతుంది, దాన్ని ఏ మందూ కడగలేదు. రెండు గ్లాసుల తర్వాత ఎవరో ఒకర్ని ఎగతాళి చేయడం మొదలుపెట్టే పెద్దమనిషిదీ ఇదే సంగతి. ఆయన్ని వదులుకోనక్కర్లేదు. పగటిపూట కాఫీకి పిలవండి, బంగారంలా ఉంటాడు.

గదిని మాటలకు అనువుగా సర్దండి

పాట సౌండ్ ఎంతుండాలి? ఇద్దరు చేయి చాపినంత దూరంలో నిలబడి మామూలు గొంతుతో మాట్లాడుకుంటే "ఆఁ?" అని అడగాల్సిన అవసరం రాకూడదు. ఖాళీ గదిలో తక్కువనిపించిన సౌండే సరైనది, ఎందుకంటే జనం నిండాక గదిలో శబ్దం దానంతటదే పెరుగుతుంది. చుట్టూ గోలగా ఉంటే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. దీన్ని ఫ్రెంచి వైద్యుడు ఎటియెన్ లోంబార్డ్ 1911లోనే వివరించాడు. ఒకరు పెంచితే పక్కవాళ్ళు పెంచుతారు, ఇక అందరూ అరుచుకోవడమే. వినికిడి తక్కువగా ఉన్నవాళ్ళు, వయసు పైబడినవాళ్ళు ముందుగా మౌనమైపోతారు. నేల మీద ఒక తివాచీ, కిటికీలకు మందపాటి కర్టెన్లు ఉంటే గోల తగ్గుతుంది.

కుర్చీల్ని గోడల వెంట వరసగా వేయకండి, డాక్టరు దగ్గర టోకెన్ తీసుకుని కూర్చున్నట్టుంటుంది. మూడు నాలుగు కుర్చీల చొప్పున గుంపులుగా వేయండి. బల్ల ఉంటే మూలకు అటూ ఇటూ కూర్చునేలా చూడండి. టేబుల్ మూలకు చెరోవైపు కూర్చున్నవాళ్ళే ఎదురెదురుగా, పక్కపక్కన కూర్చున్నవాళ్ళకంటే ఎక్కువ మాట్లాడుకుంటారని మనస్తత్వవేత్త రాబర్ట్ సొమర్ 1950ల్లోనే గమనించాడు. కావాలనుకుంటే ఎదుటి మనిషి కళ్ళలోకి చూడొచ్చు, వద్దనుకుంటే చూపు తప్పించుకోవచ్చు. కొత్తవాళ్ళకు ఆ వెసులుబాటు చాలా పెద్దది. ఒకటి రెండు కుర్చీలు తక్కువ వేస్తే మరీ మంచిది, కొందరు నిలబడతారు, నిలబడ్డవాళ్ళు కదులుతారు.

ఫోన్ల సంగతి సున్నితం. బుట్టపెట్టి అందరి ఫోన్లూ అందులో వేయమనడం నాకు నచ్చదు, పరీక్ష హాలులా ఉంటుంది. మీ ఫోను మీరు లోపలి గదిలో పెట్టేయండి. ఇద్దరు ముగ్గురు చూసి వాళ్ళే జేబులో వేసుకుంటారు.

పోసే పని మీ చేతిలో పెట్టుకోకండి

నేను చేసిన పెద్ద తప్పు ఇదే, అందుకే అంకెలతో చెబుతాను. పన్నెండు మంది, మనిషికి రెండు గ్లాసులు, మొత్తం 24. ఒక్కోటి కలిపి ఇవ్వడానికి నాలుగు నిమిషాలు. అంటే 96 నిమిషాలు. మూడు గంటల పార్టీలో సగానికి పైగా మీరు బల్ల వెనక నిలబడ్డారు. అదే సమయాన్ని మనుషులకు పంచితే ఒక్కొక్కరికీ ఎనిమిదేసి నిమిషాలు దక్కేవి. మీ ఇంటికి వచ్చిన మనిషితో ఎనిమిది నిమిషాలు ఎటూ చూడకుండా మాట్లాడితే ఆ మనిషికి అది ఏడాది గుర్తుంటుంది. కలిపిచ్చిన డ్రింకు గుర్తుంటుందా?

కాబట్టి ఎవరికి వాళ్ళు పోసుకునేలా పెట్టండి. గ్లాసులు, ఐసు, సీసాలు ఒక బల్ల మీద. తినేవి గదికి అవతలి మూల ఇంకో బల్ల మీద. రెండూ ఒకచోట పెడితే అక్కడే జనం గడ్డకట్టుకుపోతారు. దూరంగా పెడితే ఇటునుంచి అటు నడుస్తూ దారిలో ఎవరో ఒకరి దగ్గర ఆగుతారు. గ్లాసులు మనిషికి రెండు లెక్కన ముందే కడిగి పెట్టుకోండి, రాత్రి సింక్ దగ్గరికి పోవద్దు.

ఇంకో కిటుకు. ఎవరూ తెలియనివాళ్ళు ఒకరు వస్తున్నారా? వాళ్ళకొక చిన్న పని అప్పగించండి. "ఐసు అయిపోతోందేమో కాస్త చూడవా" అంటే చాలు. చేతిలో పని ఉన్న మనిషికి ఎవరి దగ్గరికైనా వెళ్ళడానికి సాకు దొరుకుతుంది. ఆ కిటికీ దగ్గరి ఆయనకు నేను ఐసు బకెట్ ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది.

మొదటి ఇరవై నిమిషాలు గుమ్మం దగ్గరే ఉండండి

పరిచయం చేయడం అంటే పేరు, ఉద్యోగం చెప్పి వదిలేయడం అనుకుంటాం. "ఈయన బ్యాంకులో పనిచేస్తారు. ఈవిడ టీచరు." తర్వాత ఏం మాట్లాడుకోవాలి? "ఓహో" అని ఒకరు, "అవునండీ" అని ఒకరు. ఇద్దరూ గ్లాసుల్లోకి చూసుకుంటారు.

దీనికి బదులు కొస అందించండి. "ఈయన పాత రేడియోలు బాగుచేస్తారండీ. మీ నాన్నగారి రేడియో ఒకటి అటక మీద ఉందన్నారుగా?" అంతే. మీరు పక్కకు జరిగినా వాళ్ళు గమనించరు. ఇలాంటి కొసలు అప్పటికప్పుడు తట్టవు. మనుషుల లిస్టు రాసిన కాగితం మీదే ప్రతి పేరు పక్కన ఒక ముక్క రాసుకోండి: ఈమధ్య ఈత నేర్చుకుంటోంది, కొత్తగా ఇల్లు మారారు, చిన్నప్పుడు చదరంగం బాగా ఆడేవాడు. జబ్బులు, జీతాలు, పెళ్ళి ఎప్పుడన్న ప్రశ్నలు, పిల్లల మార్కులు రాయకండి. అవి మనకు తెలిసినా ఇంకొకరి ముందు పెట్టాల్సినవి కావు.

మొదట వచ్చే ఇద్దరు ముగ్గురు ఎవరన్నది కూడా మీ చేతిలోనే ఉంది. అడిగే స్వభావం ఉన్న మనిషిని అరగంట ముందే రమ్మనండి. ఖాళీ గదిలోకి అడుగుపెట్టే మొదటి కొత్తమనిషికి ఎదురొచ్చేది ఆ ముఖం కావాలి.

మధ్యలో ఒకసారి కలియబెట్టండి

మాటలు ఎంత బాగున్నా, ఎప్పుడు ముగించాలో ఎవరికీ తెలియదు. సంభాషణల ముగింపు మీద 2021లో ఒక అధ్యయనం వచ్చింది. ఇద్దరూ కోరుకున్న సమయానికే ముగిసినవి నూటికి రెండుకు అటూ ఇటూ మాత్రమే. లేచిపోతే ఏమనుకుంటారోనని ఇద్దరూ అక్కడే కూర్చుంటారు. ఆ ముడి విప్పాల్సింది ఇంటివాళ్ళే. గంటా గంటన్నర గడిచాక ఏదో ఒక కదలిక తెండి. తినడానికి లేవమనండి, కేక్ కోయించండి, బాల్కనీలోకి రమ్మనండి. లేచినవాళ్ళు మళ్ళీ అదే కుర్చీలో కూర్చోరు. ఆటలు పెట్టి బలవంతాన అందర్నీ లాగడం వద్దు. నాకైతే అలాంటి పార్టీలంటే ముందు బాత్రూం ఎక్కడుందో వెతుక్కుంటాను.

తాగనివాళ్ళు, ఎక్కువైనవాళ్ళు

తాగనన్నవాళ్ళను ఎందుకని అడక్కండి. మందులు వాడుతుండొచ్చు, గర్భంతో ఉండొచ్చు, మానేసి కష్టపడి నిలబడుతుండొచ్చు, ఇష్టం లేకపోవచ్చు. కారణం ఏదైనా పదిమంది ముందు చెప్పించడం తప్పు. మందు పోసే గ్లాసుల్లాంటివే వాళ్ళకూ ఇవ్వండి. చేతిలో గ్లాసు తేడాగా కనిపించకపోతే ఆ ప్రశ్నే పుట్టదు. "ఒక్కటి తాగితే ఏం కాదులే" అనే మనిషి ప్రతి గుంపులో ఉంటాడు, ఆయన్ని మీరే వేరే కబుర్లోకి లాగండి. ఏ ముప్పూ లేని మోతాదంటూ మద్యానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది. పార్టీలో దాన్ని ఉపన్యాసంలా చెప్పక్కర్లేదు గానీ, వద్దన్నవాళ్ళను బలవంతపెట్టకపోవడానికి ఆ ఒక్క మాట చాలు.

ఒక డ్రింకును శరీరం వదిలించుకోవడానికి సుమారు గంట పడుతుంది. కాఫీతో, మొహం మీద చన్నీళ్ళతో అది త్వరపడదు. అందుకని బండి తాళాల సంగతి ముందే మాట్లాడుకోండి, తాగాక మాట్లాడితే ఎవరూ వినరు. పార్టీ ముగియాలనుకున్న సమయానికి గంట ముందే సీసాలు లోపల పెట్టేసి నీళ్ళు ముందుకు జరపండి. మాటలు బాగా సాగుతుంటే సీసా మాయమైనట్టు కూడా ఎవరికీ తెలియదు. పార్టీ ఎలా నడుస్తోందో చూసుకోవడానికి నేను వాడే పరీక్ష కూడా ఇదే. సీసా తీయగానే నలుగురూ గడియారం చూసుకుంటే, నేను మనుషుల లిస్టు సరిగ్గా రాయలేదన్నమాట.

మర్నాడు ఫోన్ చేయండి

ఈ పని ఎవరూ చేయరు. వచ్చినవాళ్ళు ఇంటికి వెళ్ళి పడుకుని "నేనేం మాట్లాడానో ఏమో" అని నెమరువేసుకుంటారు. కొత్తవాళ్ళతో మాట్లాడాక, ఎదుటివాళ్ళకు మనం నిజంగా నచ్చినదానికంటే తక్కువ నచ్చామని అనుకుంటామని 2018లో వచ్చిన ప్రయోగాల్లో తేలింది. ఇద్దరూ ఇద్దరి గురించీ అలాగే అనుకుంటారు, అదీ తమాషా. మెసేజ్ పెట్టడం కంటే ఫోన్ చేయడం మేలు. ఇబ్బందిగా ఉంటుందేమోనని వెనకాడతాం గానీ, గొంతు వింటే దగ్గరతనం పెరుగుతుంది, అనుకున్నంత ఇబ్బందీ ఉండదు. అందరికీ చేయలేకపోతే కొత్తవాళ్ళకు, తక్కువ మాట్లాడినవాళ్ళకు చేయండి. "వచ్చినందుకు థ్యాంక్స్" అని ఆపేయకుండా, వాళ్ళు చెప్పిన ఒక సంగతి గుర్తుచేయండి.

కిటికీ దగ్గరి ఆయన్ని ఏడాది తర్వాత మళ్ళీ పిలిచాను. ఈసారి మొత్తం ఆరుగురం. రేడియోలు బాగుచేసేది ఆయనేనని ఈలోగా తెలిసింది. అటక మీద రేడియో ఉన్నావిడ పక్కనే మూల కుర్చీ వేశాను. ఆ రోజు ఐసు తేవడమే మరిచిపోయాను, ఎవరూ అడగలేదు. మర్నాడు పొద్దున ఫోన్ చేస్తే ఆయన మొదట అన్నమాట, "నిన్న నేను మరీ ఎక్కువ వాగేశానా?"

"మీరు వాల్వు మార్చాక ఏమైందో చెప్పకుండానే లేచిపోయారు. ఆవిడ నన్ను అడిగి చెప్పమంది" అన్నాను.

మిగతాది చెప్పడం మొదలుపెట్టాడు. నేను స్పీకర్ ఆన్ చేసి గ్లాసులు కడుక్కున్నాను. ఇరవై నిమిషాలు పట్టింది.